రేకు తొట్లలో పోసిన వెనిగర్

మా అత్తగారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. నాకేమైనా తక్కువా అని మీరడిగితే తక్కువేం లేదు. కానీ ఆవిడ కోపం ఖరీదు ఈసారి కోళ్ళు చెల్లించాయి. అందుకే ఇది చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఇంటి వెనక షెడ్డులో నలభై కోళ్ళు ఆవిడవి. మామగారు పోయాక గుడ్లు అమ్మి కొడుకునీ కూతుర్నీ పెంచింది, ఇల్లు నిలబెట్టింది. "ఇవి లేకపోతే నన్ను పలకరించే దిక్కెవరు?" అంటుంది. ఎదురుగా కోడలు నిలబడి ఉండగానే అంటుంది!

వీధిలో ఆవిడ పేరు వెనిగరమ్మ. వారానికి రెండుసార్లు, బిందెడు నీళ్ళకి రెండు చెంచాల వెనిగర్ కలిపి కోళ్ళకి పెడుతుంది. గుడ్లు పెట్టే పెట్టెలు దాంతోనే తుడుస్తుంది, ప్లాస్టిక్ తొట్లకి పట్టిన పాచి, తెల్లటి గార దాంతోనే రుద్దుతుంది. షెడ్డు దగ్గరికెళితే ఆ ఘాటుకి కళ్ళు చెమరుస్తాయి గానీ ఒక్క ఈగ కనపడదు. ఎవరైనా తమ కోడికి జబ్బు చేసిందని వస్తే మాత్రం, "ఇది శుభ్రానికమ్మా, రోగానికి కాదు. డాక్టర్ని పిలుచుకో" అని పంపించేస్తుంది. అంతవరకు ఆవిడ బంగారం. ఎందుకు, ఎలా అని ఇంట్లోవాళ్ళం అడిగితేనే చిర్రెత్తుకొస్తుంది. "అన్నీ నీకెందుకు? నీ పని నువ్వు చూసుకో."

కంటి ఆపరేషన్‌కి వెళ్ళి, దుమ్ము తగలకూడదని రెండు వారాలు కూతురింట్లో ఉండిపోయింది. వెళ్ళేముందు మా ఆయనతో, "మంగళవారం, శుక్రవారం, బిందెకి రెండు చెంచాలు. నీ తెలివితేటలు అక్కడ చూపించకు" అంది.

మా ఆయన రేకుల పనివాడు. బకెట్లు, తొట్లు, వాన నీటి గొట్టాలు చేస్తాడు. అమ్మ వచ్చేసరికి సంతోషపెట్టాలని, పగుళ్ళిచ్చిన ప్లాస్టిక్ తొట్లు తీసిపారేసి జింకు పూత రేకుతో మూడు పొడుగాటి తొట్లు చేసి పెట్టాడు. తళతళా మెరిసిపోయాయి. "ఈసారైనా మీ అమ్మగారు మెచ్చుకోకపోతే చూడండి" అని నేనూ వంత పాడాను. అంతటితో ఆగామా? వారానికి రెండుసార్లే ఎందుకు, రోజూ పోస్తే ఇంకా మంచిది కదా అనుకున్నాం. చెంచాలు గరిటెలయ్యాయి.

పదో రోజుకి కోళ్ళు రెక్కలు వేలాడేసుకుని మూలకి చేరాయి. మేత ముట్టలేదు. మా ఆయన అమ్మకి ఫోన్ చేసి, "కోళ్ళు నీరసంగా ఉన్నాయమ్మా. వెనిగర్ దేంట్లో పోసినా ఫరవాలేదా?" అని అడిగాడు. పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

"నేను చెప్పింది చెయ్యరా, బుర్ర తినకు" అని పెట్టేసింది.

మర్నాడు రెండు చచ్చిపోయాయి. ఆ తర్వాత వరసపెట్టాయి. పశువుల డాక్టర్ని తీసుకొచ్చేసరికి తొమ్మిది పోయాయి. ఆయన తొట్టిలోకి ఒక్కసారి తొంగిచూసి, "ముందు ఇవి తీసెయ్యండి. మంచినీళ్ళు ప్లాస్టిక్ తొట్లలో పెట్టండి" అన్నాడు. ఇంకో రెండు సాయంత్రానికి పోయాయి. మిగిలినవి బతుకుతాయన్నాడు.

ఆ మరుసటి ఉదయమే అత్తగారు నల్ల కళ్ళద్దాలతో దిగింది. గోడకి చేరేసిన తొట్టి చూసి, నీళ్ళు నిలిచిన చోట మెరుపు పోయి బూడిద రంగు తేలిన రేకు మీద వేలితో రాసింది. తర్వాత కాలితో ఒక్క తన్ను తన్నింది.

"ఎవడ్రా పెట్టింది?"

"నేనే అమ్మా. నీ కోసమే..."

"నా కోసమా! విషం పెట్టావురా! పులుపు జింకుని తినేస్తుంది, అది నీళ్ళలో దిగి వాటి కడుపులోకి పోతుంది. నా షెడ్డులో ఎప్పుడైనా రేకు ముక్క చూశావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దావిడ, కంటికి ఆపరేషన్ అయింది, అవన్నీ గాలికి పోయాయి. "రేకు లేదని చూశాడత్తయ్యా! ఎందుకు లేదో మీరెప్పుడు చెప్పారు?" అని అరిచేశాను.

మా ఆయన అరవలేదు. అరిచి ఉంటే నయం. మెట్టు మీద కూర్చుని, మాడిపోయిన తన చేతివేళ్ళు చూసుకుంటూ అన్నాడు.

"రేకులు అతకడానికి నేను రోజూ యాసిడ్‌లో జింకు ముక్కలు కరిగిస్తానమ్మా. ఇరవై ఏళ్ళుగా అదే నా పని. వంటింటి సీసాలో ఉన్నదీ ఆ జాతిదేనని నాకు తట్టలేదు. రేకు వద్దురా అని నువ్వు ఒక్క మాట అనుంటే చాలు, మిగతాది నీకే నేను చెప్పేవాణ్ణి."

"తొట్లు మార్చేముందు నన్నడగాల్సింది" అంది ఆవిడ. గొంతులో పస లేదు.

"ఫోన్‌లో అడిగానుగా అమ్మా."

అత్తగారు నోరు తెరిచింది. ఏదో ఒకటి అనేస్తుందనుకున్నాను, కావాలనే ఎదురుచూశాను, నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆవిడ పక్కన తూలుతున్న కోడిని ఎత్తుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఇంత బతుకూ బతికి కొడుకు ముందు ఆవిడ తలొంచుకుని కూర్చోవడం చూస్తే, ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఈ గతి పట్టేది కాదుగా అని ఆవిడ మీద నాకు ఇంకా కోపం వచ్చింది.