గుర్తు చెరిపింది నేను

ఒకప్పుడు మా వీధివాటాలో అద్దెకున్న మేష్టారు పోయారని పోయిన బుధవారం ఏలూరు నుంచి ఫోనొచ్చింది. తాడేపల్లిగూడెంలో ఆయన పాఠాలు చెప్పిన కాలేజీలో సంతాపసభ పెడితే వెళ్ళాను. మంచివారన్నారు, నెమ్మదస్తులన్నారు. చివర్లో ఒకాయన, కాస్త అజాగ్రత్త మనిషి, సముద్రపు రాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళి పాడుచేసుకున్నారు అన్నాడు. నాకు అక్షరం రాదు గానీ చెవులున్నాయండి. అందుకే చెప్పి రాయిస్తున్నాను.

ఆ రాళ్ళు నడిసముద్రం అడుక్కి గొట్టం దింపి తీసినవి. ఒక్కోటీ సబ్బుబిళ్ళలో సగం ఉండేది. వీటిలో ఏం చూస్తారండీ అంటే, నేను పుట్టిన ఊరి మీదుగానే చెప్పారు.

"మీ కొల్లేట్లో వరదొచ్చాక మట్టి అడుక్కి దిగుతుంది కదమ్మా. సముద్రంలోనూ అంతే. ఆ మట్టిలో కంటికానని అయస్కాంతపు నలుసులుంటాయి. దిగేటప్పుడు ఉత్తరం చూసుకుని పడుకుంటాయి. మట్టి రాయైపోయినా అలాగే ఉండిపోతాయి."

"ఉత్తరానికి తలపెట్టి పడుకోకూడదని వాటికి చెప్పేవాళ్ళు లేరా?" అన్నాను. అన్నం తింటున్న మనిషి, పొలమారేదాకా నవ్వారు.

భూమి నడుము దగ్గర పడుకున్న నలుసు బల్లపరుపుగా ఉంటుందట. దూరం జరిగేకొద్దీ ఏటవాలవుతుందట. ఆ వాలు మిషను మీద కొలిచి, ఆ నేల ఒకప్పుడు ఎక్కడుండేదో, ఎంత దూరం నడిచొచ్చిందో చెప్పేవారు. మనం నిలబడ్డ నేలా దక్షిణాన్నించి నడిచొచ్చిందేనట. "నేల తొందరపడదమ్మా, ఆగదు కూడా" అనేవారు.

వాచీలో ఇనుము నలుసుల్ని కదిలిస్తుందేమోనని, రాళ్ళు ముట్టుకునే ముందు దాన్ని తీసి కిటికీలో పెట్టేవారు. ప్రతి రాయి మీదా, ఇది పైవైపు అని సిరాతో బాణం గుర్తు వేసుకునేవారు. ఈ మనిషా అజాగ్రత్త?

ఒకరోజు ఆయన భీమడోలు వెళ్ళారు. గది ఊడుస్తూ, రాళ్ళకి సిరా మరకలయ్యాయనుకున్నాను. కొబ్బరిపీచుతో తోమి ఎండలో ఆరబెట్టాను. అవి ఇంకా మిషను ఎక్కనివి. పైవైపేదో చెప్పే గుర్తు పోతే, నలుసు పైకి వాలిందో కిందకి వాలిందో తెలీదట. నేల భూమి నడుముకి ఈవలుందో ఆవలుందో చెప్పలేరట. ఏళ్ళ తరబడి ఎదురుచూసి తెప్పించుకున్న రాళ్ళు!

కాలేజీకొచ్చి నేనే ఒప్పుకుంటానన్నాను. "వద్దమ్మా, తాళం వెయ్యకపోవడం నా తప్పు" అన్నారు. ఆ తర్వాతా గదికి తాళం వెయ్యలేదు.

కాబట్టి కాలేజీవారూ, ఆయన మీద ఆ మాట కొట్టెయ్యండి. నా పేరు రాయండి, వేలిముద్ర వేస్తాను.

నేను రాళ్ళు తోమిన ఆ సాయంత్రం, మేష్టారు తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని, ఒక్కో రాయీ వెలుతురుకెత్తి ఇటూ అటూ తిప్పి చూశారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. తలెత్తి, "ఎంత తెల్లగా వచ్చాయమ్మా" అన్నారు.