పట్టుకో మామయ్య ఏరియల్ వైద్యం

పట్టుకో మామయ్య షెడ్డుకి ఎవరూ ఉత్త చేతులతో వెళ్ళకూడదు. అంటే పళ్ళూ స్వీట్లూ పట్టుకెళ్ళాలని కాదు. ఉత్త చేతులు ఆయన కంట పడ్డాయా, అంతే సంగతులు. "ఇది కాస్త పట్టుకో" అంటూ వాటిలో ఏదో ఒకటి పెట్టేస్తాడు. ఆ కాస్త ఎంతసేపో ఆయనకీ తెలీదు.

కార్ల రేడియోలూ ఏరియళ్ళూ బాగుచేయడం ఆయన పని. అందులో సగం పని వచ్చేపోయేవాళ్ళ చేతులదే. ఉత్తరం ఇవ్వడానికొచ్చిన పోస్ట్‌మ్యాన్ ఒకసారి అరగంట టార్చిలైటు పట్టుకుని నిలబడి, మిగతా వీధి ఉత్తరాలు మర్నాడు పంచాడు. బీపీ చూడ్డానికొచ్చిన డాక్టరమ్మకి రెండు చేతుల్లో చెరో వైరు పెట్టేస్తే, పాపం ఆవిడ స్టెతస్కోపు తీసే దారి లేక, "మీకేమండీ, దుక్కలా ఉన్నారు" అని నోటిమాటగా తేల్చేసి వెళ్ళిపోయింది. పక్కింటి పిల్లి కూడా ఆ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తుందని అత్తయ్య అంటుంది.

అందుకే, కారు ఏరియల్ పాడైనప్పుడు మేనకోడలి గుండెల్లో రాయి పడింది. రేడియో పెట్టగానే బానెట్ పక్కనుంచి దానంతటదే పైకి లేచే ఏరియల్ అది. ఇప్పుడు లోపల మోటారు మూలుగుతోంది, కడ్డీ మాత్రం కదలనంటోంది. ఫోన్ చేస్తే మామయ్య, "కారుతోపాటు మీ నాన్ననీ తీసుకురా. కారు జబ్బు కారుగల మనిషి చెప్పాలిగానీ నువ్వేం చెబుతావ్?" అన్నాడు.

నాన్న సంగతి వేరు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఏడాదిగా కుడిచెయ్యి వణుకుతోంది. నలుగురిలో ఉంటే ఆ చెయ్యి జేబులోంచి బయటికి రాదు. కాఫీ కూడా గదిలో తలుపు వేసుకుని తాగుతాడు. ఇంట్లో ఆయన చేతికి ఎవరూ ఏమీ ఇవ్వరు. పడేస్తాడని కాదు, పడేసి బాధపడతాడని. అలాంటి మనిషిని, పోయిపోయి పట్టుకో మామయ్య దగ్గరికి తీసుకెళ్ళాలి.

"నీకు దండం పెడతాను మామయ్యా, నాన్న చేతికి మాత్రం ఏమీ ఇవ్వకు."

"ఛఛ, నాకామాత్రం తెలీదుటే?"

కారు ఇలా ఆగిందో లేదో, మామయ్య అలా ఎదురొచ్చాడు. "రా బావా రా, ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! ఇది కాస్త పట్టుకో."

నాన్న పాత అలవాటు చొప్పున కుడిచెయ్యి చాపాడు. పానా చేతిలో పడింది, గడగడలాడింది, ఠంగుమని నేలమీద పడింది.

"అదేంటి బావా, నమ్మి చేతికిస్తే పడేస్తావా?" మామయ్య కయ్యిమన్నాడు.

ఏడాది మొత్తంలో నాన్నని ఎవరైనా కసురుకోవడం అదే మొదలు. ఆయన ముఖం ఎర్రబడింది. "ఒరేయ్, నీకు కళ్ళున్నాయా లేవా? చెయ్యి వణకడం కనిపించట్లా?"

"వణికితే వణకనీ. వంగి తియ్యి."

"నేను తీస్తా నాన్నా" అని మేనకోడలు ముందుకొచ్చింది. మామయ్య ఆమె చేతులకేసి చూశాడు. "ఉత్తవేనా? అయితే ఈ లైటు పట్టుకో." ఈలోగా నాన్న గొణుక్కుంటూనే వంగి పానా తీశాడు.

మామయ్య రేడియో పెట్టించి ఏరియల్ మొదట్లో చెవి ఆనించాడు. "మోటారు తిరుగుతోంది. అంటే ఫ్యూజు బాగుంది, కరెంటూ వస్తోంది. కడ్డీని పైకి నెట్టే పళ్ళ తాడు తెగింది, అంతే." పాత కడ్డీ ఊడదీశాడు, లోపల ఇరుక్కున్న ముక్కలు ఏరేశాడు. కొత్త కడ్డీకి అడుగున తోకలా వేలాడుతోంది నైలాన్ తాడు, దానికి ఒకవైపు రంపంలా పళ్ళు. తాడు రంధ్రంలో పెట్టి రేడియో ఆపితే మోటారు వెనక్కి తిరుగుతుంది, లోపలి చక్రం ఆ పళ్ళని అందుకుని లోపలికి లాక్కుంటుంది. పది అంకెలు లెక్కపెట్టేలోపే అందుకోవాలి. ఆ తర్వాత మోటారు ఆగిపోతుంది.

ముందు మామయ్య ప్రయత్నించాడు. అందుకోలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. ఊహూఁ. మేనకోడలు ప్రయత్నించింది. చక్రం గుర్రుమంటుందేగానీ తాడుని ముట్టుకోదు.

"బావా, ఇది కాస్త పట్టుకో."

"నా వల్ల కాదురా."

"నా వల్లా కాలేదు, నీ కూతురి వల్లా కాలేదు. నీ వల్ల కూడా కాదంటే చెప్పు, కారు తోసుకుంటూ ఇంటికి పోదురుగాని."

"ఏరియల్ లేకపోతే కారు తోసుకోవడమెందుకురా, తిక్క సన్నాసీ!"

"ఆ తెలివి ఉందిగా, పట్టుకో మరి."

నాన్న పట్టుకున్నాడు. చెయ్యి వణికింది. చేతితోపాటు రంధ్రంలో తాడూ వణికింది. మేనకోడలు కళ్ళు గట్టిగా మూసుకుని రేడియో ఆపింది. గుర్ర్... టక్! తాడు నాన్న వేళ్ళలోంచి సరసరా జారి లోపలికి పోయింది, వెనకే కడ్డీ. మామయ్య నట్టు బిగించి, "పెట్టవే రేడియో!" అని అరిచాడు. కడ్డీ నిటారుగా పైకి లేచింది. ఎవరో ఖంగుమనే గొంతుతో రేపు వాన పడవచ్చని చెప్పారు.

నాన్న పకపకా నవ్వాడు. "చూశారా? మీవి చేతులా, గునపాలా? తాడు కాస్త ఆడాలి. అప్పుడే పన్నూ పన్నూ కలుస్తాయి!"

మేనకోడలు షెడ్డు వెనక వంటింట్లోకి పరిగెత్తింది. "అత్తయ్యా, మామయ్య వల్ల కానిది నాన్న వల్ల అయింది!"

అత్తయ్య కాఫీ పోస్తూ, "మీ మామయ్య వల్ల కాకపోవడమేంటే? పోయినవారం అచ్చం ఇలాంటిదే డాక్టరమ్మ కారుకి ఒక్కడే వేశాడు. షెడ్డులో ఇంకెవరూ లేరు. ఒక చేత్తో తాడు ఆడిస్తూ, రెండో చేత్తో కారు కిటికీలోంచి చీపురుకర్ర పెట్టి రేడియో నొక్కాడు" అంది.

మేనకోడలికి మామయ్య ఇందాక తాడు పట్టుకున్న తీరు గుర్తొచ్చింది. చెయ్యి ఇటు నుంచి అటు వెంట్రుకవాసి కూడా కదలనివ్వలేదు.

కాఫీల పళ్ళెంతో బయటికొచ్చేసరికి గుమ్మంలో పోస్ట్‌మ్యాన్ ఉన్నాడు. నాన్న అతనికి తాడు ఎలా ఆడించాలో పాఠం చెబుతున్నాడు. కాఫీ చూడగానే, "ఇది కాస్త పట్టుకో" అని పానా పోస్ట్‌మ్యాన్ చేతిలో పెట్టి, కుడిచేత్తోనే గ్లాసు అందుకున్నాడు. కాఫీ కొంచెం చొక్కా మీద ఒలికింది. ఒక గుక్క తాగి, పాఠం ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచి మొదలెట్టాడు. పోస్ట్‌మ్యాన్ దీనంగా తన ఉత్తరాల సంచీకేసి చూసుకున్నాడు.

మామయ్య మాత్రం జీవితంలో మొదటిసారి ఉత్త చేతులతో నిలబడి ఉన్నాడు. కళ్ళలో ఏదో పడ్డట్టు రెప్పలు టపటపలాడిస్తున్నాడు.

మేనకోడలు దగ్గరికెళ్ళి, కాఫీలు ఉన్న పళ్ళెం ఉన్నట్టే ఆ చేతుల్లో పెట్టేసింది.

"ఇది కాస్త పట్టుకో మామయ్యా" అంది.