ఆయన పాటకు కీర్తన మాటలు

మా ఆయనకు ఒక ఇంగ్లీషు పాట పిచ్చి. అరవైల్లో ఎవరో కుర్రాళ్లు గిటార్లు వాయిస్తూ గొంతు చించుకుని పాడిన పాట. నాకు ఇంగ్లీషు రాదు. తెలుగే కూడబలుక్కుని చదువుతాను.

అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్లో నేను ఇండియన్ స్టోర్‌లో పనిచేసేదాన్ని. రోజూ ఆయనే కారులో దింపేవారు. హైవే ఎక్కగానే అదే పాట. ఆ కుర్రాళ్ల తర్వాత ఎవరెవరు పాడారో అందరివీ ఒక సీడీలోకి ఎక్కించుకున్నారు. ఒకామె సమాధి దగ్గర ఏడ్చినట్టు పాడింది. ఒకతను డాన్సు దరువు పెట్టాడు. ఒక ముసలాయన ఒక్క గిటారుతో గొణిగాడు.

"అదే పాట కదండీ, ఇన్నిసార్లు ఎందుకు?"

"పాట ఒకటేనే పిచ్చిదానా, ఎవరి బాధ వాళ్లు పెట్టి పాడారు. నీ చేపల పులుసూ మీ అమ్మ చేపల పులుసూ ఒకటేనా?"

"మా అమ్మదే బాగుంటుందని చెప్పడానికా ఇంత చుట్టు తిప్పారు?"

నవ్వి తనూ పాడేవారు, శ్రుతి లేకుండా.

పోయిన ఏడాది ఆయన పోయారు. ఆయన్ని తలుచుకుంటూ చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో ఆ పాటే పాడాలని పట్టుబట్టాను.

"అది లోకపు పాటమ్మా, చర్చిలో ఎలా?" అన్నారు పాస్టర్‌గారు.

"రాగం అదే ఉంచి కీర్తన మాటలు పెట్టించండి అయ్యగారూ," అన్నాను నేనే. ఆ ఇంగ్లీషు మాటలు నాకెలాగూ అర్థం కావు, మారితే పోయేదేముంది అనుకున్నాను. ఒప్పుకున్నారు. ఆ రోజు గుండె తేలికైంది.

అది అందరికీ నచ్చేసింది. ఇప్పుడు ప్రతి ఆదివారం డ్రమ్స్‌తో, చప్పట్లతో పాడుతున్నారు.

"కొంచెం నెమ్మదిగా పాడతారా తల్లీ?" అని పాటలు నడిపించే అమ్మాయిని అడిగాను.

"స్లో చేస్తే ఎవరూ జాయిన్ అవ్వరు ఆంటీ. అంకుల్ సాంగ్‌కి ఎంత రెస్పాన్సో చూడండి!"

పరాయివాళ్ల గొంతులన్నీ దాచుకున్న మనిషి తన గొంతు ఒక్కసారీ రికార్డు చేసుకోలేదు. ఆ గొంతు ఉన్నది నా చెవిలోనే. అక్కడ కూడా ఇప్పుడు చప్పట్లే వినబడుతున్నాయి.

నిన్న వంట చేస్తూ ఆయన పాడినట్టు పాడబోయాను. నోటికి కీర్తన మాటలే వచ్చాయి. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అవే. దేవుడి మాటలు, తప్పు పట్టకూడదు. పొయ్యి ఆపేసి కింద కూర్చున్నాను.