అంకె నేసిన దుప్పటి

మా గేటుకు కొత్త ఫ్లెక్సీ కట్టారు. ఎండ ఎక్కేకొద్దీ దాని నుంచి ఒక వాసన వస్తుంది, కొత్త చెప్పుల పెట్టె తెరిచినప్పుడు వచ్చేలాంటిది. మా విశ్వవిద్యాలయానికి ఈ ఏడు వచ్చిన ర్యాంకు మధ్యలో ఎర్రటి పెద్ద అంకెలో ఉంది, చుట్టూ పెద్దల ఫొటోలు. ఈ వాసన తగిలినప్పుడల్లా నాకు కరుణ మేడమ్ గుర్తొస్తారు. ఆమె ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా పడలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది పట్టించుకునేవాణ్ణి నేనొక్కణ్ణే అని తోటి అధ్యాపకులు నవ్వుతారు. నవ్వనివ్వండి. మరిచిపోవడం మంచి గుణమని నాకు ఎవరూ నిరూపించలేదు.

మాది జగిత్యాల, మెట్‌పల్లి మధ్య రోడ్డు పక్కన ఒక ట్రస్టు నడిపే చిన్న విశ్వవిద్యాలయం. కరుణ మేడమ్ అక్కడ అర్థశాస్త్ర శాఖకు అధిపతి. మెట్‌పల్లిలో మెథడిస్టు చర్చి పక్క వీధిలో ఉండేవారు. పొట్టి మనిషి, నూలు చీర, భుజానికి గుడ్డ సంచి. ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏటా జూన్‌లో, మధ్యలో చదువు మానేసిన పిల్లల ఇళ్ళకు బస్సెక్కి వెళ్ళేవారు. తిరిగి వస్తామన్నవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, ఫీజు కౌంటర్ దగ్గర దరఖాస్తు నింపించి, హాస్టల్ గది చూపించి గాని ఇంటికి పోయేవారు కాదు. అట్లా వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మాది సిరిసిల్ల. బాపు ఒక ఆసామి దగ్గర మరమగ్గాలు నడిపేవాడు. మా దగ్గర వాటిని సాంచాలంటారు. నేను బి.ఎ. రెండో ఏట ఉండగా లంగా గుడ్డకు పెద్ద ఆర్డరు వచ్చింది, అదే సమయంలో బాపుకు నడుము పట్టేసింది. పరీక్షలు వదిలేసి నేను సాంచాల దగ్గర నిలబడ్డాను. ఒక మధ్యాహ్నం షెడ్డు గుమ్మంలో మేడమ్ కనిపించారు. ఆమె ఏదో అంటున్నారు, ఆ మోతలో పెదాలు కదలడమే తెలుస్తోంది. రెండుసార్లు అరిచి చూసి, ఇక లాభం లేదనుకుని నా ముందున్న సాంచా పిడి పట్టి గుంజేశారు. సాంచా ఆగింది, కానీ అటూ ఇటూ పోగు మోసే నాడె పడుగు మధ్యలో ఇరుక్కుపోయి గుప్పెడు పోగులు పుటపుటా తెగిపోయాయి.

మూలన మంచం మీదున్న బాపు నడుము నొప్పి మరిచి లేచి వచ్చాడు. "ఎవలమ్మా నువ్వు? నడిచే సాంచ మీద చెయ్యేస్తవా?"

"నీ కొడుక్కు సదువు చెప్పేదాన్ని. తప్పయింది నాయినా."

"సదువు చెప్పేటామె గిట్ల జేస్తదా?"

"జేసింది గద. ముడెయ్యుడు నేర్పు, కూసుంట."

నిజంగానే సిమెంటు గచ్చు మీద కూర్చున్నారు. బాపు గొణుగుతూనే పోగులు అందించాడు. ఆమె వేసిన ముళ్ళలో సగం జారిపోయాయి. బాపు వాటిని విప్పి మళ్ళీ వేస్తుంటే, ఆమె నావైపు తిరిగారు.

"పరీక్షకెందుకు రాలేదురా?"

"ఆర్డర్ ఉండె మేడమ్."

"మరి జూన్ల ఉంటదా?"

"ఏమో."

"జూన్ల మళ్ళ వస్త. గప్పుడు నేను సాంచ ముట్ట. నువ్వే ఆపి రా."

"మళ్ళొస్తదట!" అన్నాడు బాపు, షెడ్డు పైకప్పుకు చెబుతున్నట్టు. ఆమె మళ్ళీ వచ్చారు. ఈసారి పడుగు అయిపోయేదాకా గోడకు ఆనుకుని అదే గచ్చు మీద కూర్చున్నారు. సాంచా దానంతట అది ఆగాక నన్ను తీసుకుపోయారు.

చదువు ముగించి, కొన్నాళ్ళకు అదే శాఖలో అధ్యాపకుడినయ్యాను. అప్పుడే ర్యాంకుల గోల మొదలైంది. హైదరాబాద్ నుంచి ఒక డైరెక్టరును తెచ్చారు, నన్ను ఆయన కింద ర్యాంకుల విభాగంలో వేశారు. ఆయన చెడ్డవాడని అనను. ర్యాంకు లేకపోతే పిల్లలు చేరరు, పిల్లలు చేరకపోతే మన జీతాలు ఎక్కడివని అనేవాడు. అందులో అబద్ధం లేదు. మా బాపు కూడా ఫోన్ చేస్తే మొదట అదే అడిగేవాడు, "మీ కాలేజిది ఎన్నో నంబరు బిడ్డా?" అని. కానీ కొలిచే పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండేది. పేరు ప్రతిష్ఠలకు మార్కులు ఉండేవి. మమ్మల్ని ఎన్నడూ చూడని పట్టణాల ఆచార్యులు వాటిని వేసేవారు. మాకు దాదాపు ఏమీ వచ్చేవి కావు. నేను కోపంతో ఎగిరిపడితే మేడమ్ టీ తాగుతూ అన్నారు, "మనూరి పేరు పలుకరానోళ్ళు మనకు మార్కులేస్తుండ్రు. జర నవ్వుకోరాదు, ఫికర్ జేస్తె పెరుగుతయా?"

ఆ మొదటి ఏడు ఎట్లాగో ఒక ర్యాంకు వచ్చింది. చెప్పుకోదగ్గదేమీ కాదు, అయినా గేటుకు ఫ్లెక్సీ కట్టారు. మేడమ్ తిరిగి తెచ్చిన సిరిసిల్ల పిల్లలు అంతటితో ఊరుకోలేదు. ఒకడి తండ్రి మంచి పనివాడు. ఆయన చేత ఒక దుప్పటి నేయించారు, అంచు పొడుగునా ఆ ర్యాంకు అంకెను మళ్ళీ మళ్ళీ నేయించి మేడమ్‌కు కప్పారు. వాళ్ళు ఎంత మురిసిపోయారో నేను చూశాను. అదే పిల్లల వల్ల ఆ అంకె దిగిపోతుందని మరుసటి ఏడు తెలిసింది.

కొలతల్లో ఒకటి, నిర్ణీత కాలంలో పట్టా పొందినవారి శాతం. ఆగి, మళ్ళీ వచ్చి, ఆలస్యంగా ముగించే ప్రతి విద్యార్థీ ఆ లెక్కలో మాకు నష్టమే. మేడమ్ జూన్ బస్సులో తెచ్చిన ప్రతి ఒక్కరూ నష్టమే. శాఖాధిపతుల సమావేశంలో డైరెక్టర్ చాలా మర్యాదగా ఉపాయం చెప్పాడు. "ఈ బ్రేక్ కేసులన్నీ దూరవిద్యకు మార్చేద్దాం మేడమ్. పట్టా ఎలాగూ వస్తుంది. మన శాతం పాడవదు."

మేడమ్ అడిగారు, "హాస్టల్ గది ఉంటదా సార్?"

"దూరవిద్యకు హాస్టల్ ఉండదు కదండీ."

"మా లావణ్య మొన్ననే తిరిగొచ్చింది. ఇంట్ల ఒక్కటే అర్ర. గోడకవతల రాత్రింబగళ్ళు సాంచాలు. గా పిల్ల యాడ గూసొని సదువుతది?"

"సెంటిమెంట్లతో ర్యాంకులు రావు మేడమ్. బ్రేక్ కేసులు ఎక్కడైనా బ్రేక్ కేసులే."

ఆమె తల తిప్పి నన్ను చూపించారు. "మన రాజేశం గూడ బ్రేక్ కేసే సార్. గీన్ని యాడికి మారుస్తరు?"

అందరూ నవ్వారు. డైరెక్టర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది. నేను కుర్చీ వెనక్కి తోసి లేవబోయాను. మేడమ్ టేబుల్ కింద నా చొక్కా పట్టి గుంజారు, ఒకనాడు సాంచా పిడిని గుంజినంత గట్టిగా.

బయటికి వచ్చాక వరండాలోనే కూర్చుని అభ్యంతర పత్రం రాశాను. మేడమ్ చదివారు. మొదటి పేజీ అంతా నన్ను ఏమన్నారు, ఎవరెవరు నవ్వారు.

"నిన్నన్నరని కోపమా, పిల్ల గది పోతదని కోపమా?"

"రెండూ మేడమ్."

"రెండూ ఉండని. నేను వద్దంటలే. కని పిల్ల గది మొదటి లైన్ల రాయి. నీది రెండో పేజీల రాసుకో."

"రెండో పేజీ ఎవరూ చదవరు మేడమ్."

"గందుకే చెప్తున్న."

తిరగరాశాను. ఎవరి కోసం రాస్తున్నానో ముందుంటే నా కోపం కూడా పద్ధతిగా నడుస్తుందని ఆ రోజు తెలిసింది. శాఖ వివరాల మీద అధిపతి సంతకం లేనిదే ర్యాంకులిచ్చేవాళ్ళకు ఏదీ పంపడానికి వీల్లేదు. ఆమె తిరిగొచ్చినవాళ్ళ పేర్లు ఒక్కటీ తీయకుండా సంతకం పెట్టి పంపారు. దూరవిద్య ప్రతిపాదన నా అభ్యంతరంతో సహా పక్కకు పోయింది. లావణ్య గది లావణ్యకే ఉంది. ర్యాంకు దిగింది.

దిగడానికి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ ఒక మనిషి మీద వేయడం సులువు. రిటైర్మెంట్ దగ్గర పడిందన్న గౌరవం కూడా లేకుండా శాఖాధిపతి పదవి ఆమె నుంచి తీసేశారు. పదవీ విరమణ రోజు వీడ్కోలు సభకు నేను ఆడిటోరియం అడిగితే ఇవ్వలేదు. అదే రోజు అక్కడ ర్యాంకు పెంచుకోవడం ఎట్లా అనే సదస్సు ఉందన్నారు. అది నేను కల్పించిన మాట కాదు, వాళ్ళు నాకు రాసిచ్చిన జవాబు.

మెట్‌పల్లి చర్చి ఆవరణలో కుర్చీలు వేసి సభ పెట్టుకున్నాం. డిసెంబరు చలి. బాపు కూడా నడుము పట్టుకుని వచ్చాడు. అప్పటికి పట్టా చేతికొచ్చిన లావణ్య మాట్లాడడానికి లేచి, రెండు మాటలు చెప్పి మేడమ్ పక్కకు వచ్చి కూర్చుంది. మేడమ్ ఆ దుప్పటి కప్పుకుని ఉన్నారు.

"మేడమ్, గా అంకె ఇప్పుడు తప్పు," అన్నాను.

"చలికి అంకెతోని ఏం పనిరా?"

బాపు గట్టిగా నవ్వాడు. "ముడెయ్యరాకపోయినా ముచ్చట మంచిగ చెప్తవు మేడమ్."

వెళ్ళేముందు ఆమె దుప్పటి మడిచి నా చేతిలో పెట్టారు. "జూన్ల నువ్వే పోవాలె. సిమెంటు గచ్చు మీద నడుములు పట్టేస్తయి. ఇది తీస్కపో."

నిరుడు ఆమె పోయారు. విశ్వవిద్యాలయం పంపిన సంతాప సందేశంలో 'మాజీ అధ్యాపకురాలు' అని ఉంది. శాఖాధిపతి అని రాయలేదు. సవరించమని రాశాను, జవాబు రాలేదు, మళ్ళీ రాశాను. రాస్తూనే ఉంటాను.

దూరవిద్య ప్రతిపాదన ఏటా కొత్త పేరుతో తిరిగి వస్తుంది. నా అభ్యంతరం కూడా ఏటా వెళ్తుంది. మొదటి లైన్‌లో ఆ ఏడు తిరిగొచ్చిన పిల్లల హాస్టల్ గదులు ఉంటాయి. నాకు జరిగిన అవమానాలు రెండో పేజీలో, ఒక్కటీ వదలకుండా ఉంటాయి. ఇప్పటిదాకా ఒక్క గదీ పోలేదు.

ఈ జూన్‌లో కూడా సిరిసిల్ల వెళ్ళాను. షెడ్డులో ఒక పిల్లవాడు సాంచా నడుపుతూ నన్ను చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు. నేను పిడి ముట్టుకోలేదు, అరవలేదు. సంచిలోంచి దుప్పటి తీసి గచ్చు మీద పరిచి, అంచులోని ఆ పాత అంకె మీద కూర్చున్నాను. పడుగు ఇంకా చాలా ఉంది.