గురిబుడిపె మీద బొట్టు

మా మేనమామకు వేట సరదా లేదు. ఈ మాట ముందే చెప్పాలి. తుపాకి అనగానే మనవాళ్లకు మెలితిప్పిన మీసాలూ, గోడకు వేలాడే పులితోళ్లూ గుర్తుకొస్తాయి. ఆయన చిత్తూరు జిల్లాలో కొండవార నాలుగెకరాల్లో వేరుశనగ వేసుకునే రైతు. కొండ దిగి వచ్చే అడవిపందులకు వేరుశనగచేను పెళ్లి విందు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లకూ కలిపి తుపాకి లైసెన్సు ఉన్నది ఆయనకొక్కడికే. అందువల్ల పంది ఎవరి చేలో పడ్డా పిలుపు ఆయనకే వచ్చేది.

మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర విడిపోయిన మరుసటి ఏడాది ఆయన మద్రాసు వచ్చాడు, మా అత్తను వెంటబెట్టుకొని, కొత్త రైఫిలు కొనడానికి. కారణం ఉంది. అంతకుముందు పంటకాలంలో ఒక వేకువన ఇరవై అడుగుల దూరంలో ఉన్న పందిని ఆయన కాల్చాడు, తప్పింది. పాతది ఒంటితూటా తుపాకి, మళ్లీ నింపుకొనేలోపల పంది తిరగబడి, పక్కన నిలబడ్డ జీతగాడి తొడ చీల్చేసింది. ఆ మనిషి మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. లేచాడు గాని కర్ర లేకుండా నడవలేడు.

"తుపాకి మోసం చేసిందిరా," అన్నాడు మామ, పురసవాక్కంలో మా ఇంటి వరండాలో చెప్పులు విప్పుతూనే. "ఈ తూరి గురి తప్పనిది కావాల. ఇంకొకడి కాలు నా నెత్తిన పడకూడదు."

నేనప్పుడు హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ఆదివారాల్లో సంస్కరణ సభల్లో వాదించేవాణ్ణి. ముహూర్తం, బల్లి పలుకు, పిల్లి ఎదురు అన్న మాటలు వినిపిస్తే చాలు, పదిమందిలోనైనా సరే లేచి నిలబడి రుజువు అడిగేవాణ్ణి. ఇంట్లో నాకు గౌరవం ఉండేది. ఇష్టంగా వినేవాళ్లు మాత్రం తక్కువ.

మౌంట్ రోడ్డు దుకాణంలో మామకు సరిపడేవి రెండే రైఫిళ్లు దొరికాయి. రెండూ బోల్టువే. పిడి పట్టి వెనక్కి లాగితే ఖాళీ తూటా బయట పడుతుంది, ముందుకు తోస్తే కొత్తది గొట్టంలో కూర్చుంటుంది. ఒకటి ఇంగ్లండులో చేసింది. బరువు, నల్లటి అక్రోటు కొయ్య, పొడుగాటి గొట్టం. ఒక తేయాకు తోట దొర వాడుకొని, అతను పోయాక అమ్మకానికి వచ్చింది. రెండోది జర్మనీది, తేలిక, పొట్టి, కొయ్య మీద అక్కడక్కడ గీతలు.

మా అత్త బరువుదాన్ని దూరం నుంచే చూసి మొహం తిప్పుకుంది.

"సచ్చినోడి సొత్తు మనకొద్దు," అంది.

ఆ క్షణంలోనే నా ఓటు బరువుదానికి పడిపోయింది. చచ్చినవాడు ఇనుములో దాక్కుంటాడా అని దుకాణంలోనే మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే ఆ రైఫిలు గురించి నాకు అప్పటికి ఏమీ తెలియదు. అత్త వద్దన్నది, అంతే. మూఢనమ్మకానికి ఎదురుతిరగడమే ఆలోచన అనుకునే వయసు అది.

"వాదన ఎందుకురా? కాల్చి చూద్దాం," అన్నాడు మామ.

దుకాణదారు ఒప్పుకొని, తన మిస్త్రీని తోడు పంపుతానన్నాడు. మిస్త్రీ తొండియార్‌పేట మనిషి. వాళ్ల తాత నెల్లూరు వైపు నుంచి హార్బరు పనికి వచ్చాడట. తుపాకుల మరమ్మతులో ముప్పై ఏళ్లుగా ఉన్నాడు. శుక్రవారం పొద్దున అతను రెండు రైఫిళ్లతో దుకాణం కారులో మా ఇంటికి వచ్చాడు. పల్లావరం అవతల వదిలేసిన రాతి క్వారీకి వెళ్లాలని ఏర్పాటు.

అతనికి కాఫీ ఇచ్చేలోపల అత్త పూజగదిలోంచి గంధం గిన్నె తెచ్చింది. మా వాళ్ల ఇళ్లలో సైకిలు కొన్నా, కుట్టుమిషను కొన్నా, చివరికి బీరువా వచ్చినా బొట్టు పెట్టందే ముట్టుకోరు. తేలిక రైఫిలుకు భుజానికి ఆనించే మడమకొయ్య మీద గంధం అద్ది, మధ్యలో కుంకుమ పెట్టింది. బరువుదాని జోలికి పోలేదు.

"రెండో దానికి అన్యాయం చేశావత్తా," అన్నాను.

"నీ దొరకు నువ్వు పెట్టుకోబ్బా. ఈడ నా మొగుడి బుజం బాగుండాల."

మిస్త్రీ కాఫీ గ్లాసులో నవ్వు దాచుకున్నాడు.

క్వారీలో ఎండ అప్పుడే ఎక్కుతోంది. డ్రాయింగు కాగితాల మీద కాంపాసుతో వలయాలు గీసి, నడుమ నల్లసిరాతో చుక్క నింపి తెచ్చాను. రాతిగోడ ముందు మట్టి దిబ్బకు వాటిని గుచ్చి, అరవై గజాలు కొలిచాం. ఒక్కొక్క రైఫిలుకు ఐదు తూటాలు. మామ బోర్లా పడుకొని ఇసుకసంచి మీద గొట్టం ఆనించాడు. ముందు బరువుది, తర్వాత తేలికది.

కాగితాలు తెచ్చి బండ మీద పరిచాను. బరువుదాని ఐదు తూట్లూ నాలుగు దిక్కులకూ చెదిరి ఉన్నాయి, అయితే ఒకటి సరిగ్గా చుక్క అంచును తాకింది. తేలికదాని తూట్లలో ఒక్కటీ చుక్క దగ్గరకు రాలేదు. ఐదూ జానెడు కిందికి దిగాయి.

"చూశావా మామా! బొట్టు పెట్టించుకున్నది ఒక్కటీ కొట్టలేదు. చచ్చినోడిది కొట్టింది," అన్నాను. ఇంటికి వెళ్లి అత్తకు ఎలా చెప్పాలో కూడా మనసులో వాక్యాలు కూర్చుకుంటున్నాను.

మిస్త్రీ కాగితం మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"సార్, మీరు ఇస్కూల్లో సైన్సు సెప్తారు కదా?"

"చెప్తాను."

"అట్లయితే గుంపు సూడండి సార్. ఈ అయిదూ నా పిడికిట్లో పట్టేస్తాయి. అదేమో, ఆడొకటి ఈడొకటి. సెడిపోయిన తుపాకే అట్లా సెదరగొడుతుంది. ఇది సెదరగొట్టలే. అయిదు సార్లూ ఒకే తప్పు సేసింది. ఒకే తప్పు అయిదు సార్లంటే దానికి ఒకే కారణం ఉండాల."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. తరగతిలో రోజూ నేను చెప్పే మాట అది. నాకు కావలసిన జవాబు రాగానే ప్రశ్న వదిలేశాను. సభల్లో నేను వెక్కిరించే జ్యోతిష్కుడు చేసేదీ అదే. తగిలిన ఒక్కదాన్ని చూపించి తగలని నాలుగింటినీ దాచేస్తాడు.

ఇక నాకు కుతూహలం పట్టుకుంది. తేలిక రైఫిలు తీసి కొస నుంచి కొస దాకా చూశాను. గొట్టం చివర గురి చూసుకునే చిన్న ఇనుప బుడిపె ఉంటుంది. వెనక గాడిలోంచి దాని కొసను చూసి కాలుస్తారు. ఆ బుడిపె నెత్తి మీద గోధుమగింజంత గంధం ఎండి గట్టిపడి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. మా వాళ్లు దేనికీ ఒక్క బొట్టుతో సరిపెట్టరు. ముందొకటి, వెనకొకటి. అత్త మడమకు పెట్టింది నేను చూశాను. రెండో కొసకు పెట్టింది చూడలేదు.

"బుడిపె ఎత్తు పెరిగిపాయె," అన్నాడు మిస్త్రీ. "గంధం కొసను గాడిలో పెట్టి కాలిస్తే గొట్టం కిందికి సూస్తుంది. అదే కారణం సార్."

గోటితో గంధం గీకేశాను. మామ మళ్లీ ఐదు కాల్చాడు. ఈసారి జానెడు కిందికి దిగలేదు. కానీ గుంపు పోయింది. అచ్చం బరువుదాని లాగే నాలుగు దిక్కులా చెదిరాయి.

ఇది మిస్త్రీ కూడా అనుకోలేదు. ముగ్గురం కాగితం చుట్టూ కూర్చున్నాం. గంధం ఉంటే కిందికి, కాని గుంపుగా. లేకుంటే నడుమన, కాని చెదురుగా. గంధానికి తూటాలను కట్టే శక్తి ఉందా?

చేయవలసిన పరీక్ష ఒక్కటే. మడమకొయ్య మీద కుంకుమ అంటని గంధాన్ని గీకి, సీసాలో నీళ్లు ఒక చుక్క వేసి మెదిపి, బరువు రైఫిలు బుడిపె మీద నా వేలితో పెట్టాను. ఆయుధానికి నేను బొట్టు పెట్టడం నా జీవితంలో అదే మొదలు.

"బయపడకండి సార్, నేనెవరికీ సెప్పను," అన్నాడు మిస్త్రీ.

అది ఎండాక మామ ఐదు కాల్చాడు. చచ్చినవాడి రైఫిలు ఐదు తూటాలనూ గుంపుగా, జానెడు కింద పెట్టింది.

తేడా రైఫిళ్లది కాదు. మిగిలింది గంధం, మామ. నేను ఆయన వైపు తిరిగాను. ఆయన అప్పటికే బండ మీద కూర్చొని తలగుడ్డతో మొహం తుడుచుకుంటున్నాడు.

"గంధం తెల్లంగా ఉంటాదిరా," అన్నాడు నెమ్మదిగా. "కొస అగపడతాది. అది లేకపోతే నల్ల బుడిపె, నల్ల చుక్క, రెండూ కలిసిపోయి నా కంటికి ఆనవు. ఊరికే ఆ దిక్కుకు పెట్టి నొక్కుతాను."

"ఎప్పటినుంచి?"

"రెండేండ్లుగా."

"మరి ఆ పంది?"

తలగుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆ పొద్దు కొస అగపడలా. తుపాకి మోసం చేసిందని ఆ జీతగాడికి చెప్పినా. ఊరంతా అదే చెప్పినా. చెప్పీ చెప్పీ నేనూ నమ్మేసినా," అన్నాడు.

మిస్త్రీ నడుముకు దోపుకున్న తమలపాకుల సంచి విప్పి, సున్నం డబ్బా తీశాడు. గంధం తుడిచేసి, అగ్గిపుల్ల కొసతో రెండు బుడిపెలకూ వెనకవైపు, అంటే కాల్చేవాడి వైపు ఉన్న ముఖానికి, పల్చగా సున్నం పూశాడు.

"మొగానికి పూయాల సామీ, నెత్తికి కాదు. ఎత్తు మారదు, తెలుపు ఉంటాది."

రెండు రైఫిళ్లూ చుక్క చుట్టూ గుంపు కట్టాయి. ఇంకేం, పని అయిపోయింది అనుకోవచ్చు. నాకు మాత్రం అక్కడ ఆగాలనిపించలేదు.

"మామా, ఇది పట్టపగలు, చుక్క కదలదు. పంది వచ్చేది మసక వెలుతుర్లో. సున్నంతో తుపాకి కొస కనబడుతుంది, దాని అవతల ఉన్నది పందో మనిషో కనబడుతుందా?"

"ఏమంటావ్?"

"ముందు కళ్లు చూపించుకో. పనికిరావంటే ఏ రైఫిలూ వద్దు. లైసెన్సు తిరిగి ఇచ్చేయ్."

ఆయన నా మీద కోప్పడతాడనుకున్నాను. "ఆ మాట నా అంతట నేను అనలేక మద్రాసు దాకా వచ్చినట్టుండాది," అన్నాడు.

సోమవారం కళ్లాసుపత్రికి తీసుకెళ్లాను. శుక్లం కాదు, అద్దాలు చాలునన్నారు. అద్దాలు వచ్చిన రోజు ఆయన మా వరండాలో కూర్చొని వీధి చివర గోడమీది పోస్టరు చదివి వినిపించాడు, చిన్న అక్షరాలతో సహా. తర్వాత ముగ్గురం మళ్లీ క్వారీకి వెళ్లాం. ఈసారి ఆయన ఎంచుకున్న పద్ధతి వేరు. చుక్కను కొట్టడం కాదు, ఒకటి కాల్చి, చెంప కొయ్య మీదనుంచి ఎత్తకుండా బోల్టు లాగి తోసి రెండోది కాల్చడం. పాత తుపాకిలో రెండో తూటా లేకనే కదా ఒక మనిషి కాలు అవిటిదయింది. బరువుదాని బోల్టు పొడుగు, ప్రతిసారీ తల పక్కకు తీయవలసి వచ్చింది. తేలికదానితో తల కదలలేదు. అదే తీసుకున్నాడు.

ఇంటికి రాగానే అత్త తేలిక రైఫిలును చూసి, "అమ్మవారు ముందే చెప్పలా?" అంది. అన్నం చల్లారిపోయేదాకా ఆమెకు గాడి, బుడిపె, సున్నం అన్నీ వివరించాను. అంతా విని, "సున్నమైనా బొట్టే కదబ్బా," అని మజ్జిగ పోసింది.

మామ ఊరికి వెళ్లిన పదిహేను రోజులకు ఉత్తరం రాశాడు. పంది గురించి ఒక్క ముక్క లేదు. ఊరు చేరిన రోజే జీతగాడి ఇంటికి వెళ్లి, తప్పు తుపాకిది కాదు, నా కంటిది అని చెప్పాడట.

"తెలుసు సామీ," అన్నాడట అతను. "ఆ పొద్దు చేలో నన్ను చూసి మా తమ్ముడి పేరుతో పిలిస్తిరి. పది అడుగుల దూరం లేదు."

"తెలిసీ చెప్పలేదేమిరా?"

"మీరు అడగలా."

ఉత్తరం మళ్లీ మొదటినుంచి చదివాను. అన్ని తూటాలు కాల్చి, గజాలు కొలిచి, కాగితాలు పరిచి మేము కనుక్కున్నది ఒక మనిషికి ముందే తెలుసు. పంది మీదపడినప్పుడు పక్కన నిలబడ్డది అతనే. మామ అడగలేదు. రుజువు, రుజువు అని ఊరంతా అరిచే నేనూ, ఆ రోజు అక్కడ ఎవరున్నారు, వాళ్లేం చూశారు అని అడగలేదు.