జమ్మిచెట్టు కాపలాకు పట్నం ప్రయాణం

దసరా దగ్గర పడుతుండగా సుగుణ వదిన ఫోన్ చేసింది. "పండక్కి నువ్వు తప్పకుండా రావాలి. మా చెట్టుకి కాపలా ఉండాలి" అంది. కర్నూలు నుంచి హైదరాబాదుకు పెళ్లిళ్లకు వెళ్లాను, ఆసుపత్రికి వెళ్లాను, ఒకసారి కేవలం బిర్యానీ కోసం వెళ్లాను. చెట్టుకు కాపలా వెళ్లడం ఇదే మొదలు. వదిన మా అన్న భార్య. గుడివాడ వైపు మనిషి, చిక్కడపల్లిలో కాపురం. ఆవిడ పిలిస్తే కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

పండగ ముందురోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు కాచిగూడ బండి ఎక్కాను. పట్నం నుంచి ఊళ్లకు వచ్చే బండ్లు కిక్కిరిసి వస్తున్నాయి. మా బండి మాత్రం ఖాళీ. కిటికీ పక్కన సీటు, ఎదురు బెంచీ మీద కాళ్లు, ఇంకేం కావాలి? తుంగభద్ర దాటేదాకా మెలకువగానే ఉన్నాను. తర్వాత గద్వాల, కృష్ణ మీద వంతెన, ఆ నీళ్ల మీది వెలుతురు అన్నీ నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో జరిగిపోయాయి. పట్టాల పక్కన తంగేడు పూల పసుపు, గునుగు పూల తెలుపు. కళ్లు మూసినా అవే, తెరిచినా అవే.

మహబూబ్‌నగర్‌లో ఎక్కినాయన నా ఎదుట కూర్చుని పల్లీల పొట్లం విప్పాడు. కొన్ని నా చేతిలో పోసి, "అందరు ఊర్లకు వోతుంటే మీరేంది సార్, పట్నం వోతున్నరు?" అన్నాడు.

"ఒక చెట్టుకు కాపలా ఉండాలి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "చెట్టు ఏడికి వోతది సార్?"

అది మా వదిననే అడగాలన్నాను. ఇద్దరం పల్లీలు తిన్నాం. షాద్‌నగర్ దాటాక మళ్లీ కునుకు పట్టింది.

ఐదు గంటలకు కాచిగూడలో దిగాను. ఆటోవాడు వంద అడిగి ఎనభైకి దిగాడు. నారాయణగూడ చౌరస్తా పండగ ముందురోజు కదా, బంతిపూల గుట్టలతో పచ్చగా ఉంది. అక్కడే ఆపించి ఒక ఇరానీ చాయ్ తాగాను. మెట్రో స్తంభాల మధ్య నుంచి పడుతున్న సాయంత్రపు ఎండలో దుమ్ము కూడా అందంగా కనిపించింది. పరీక్షలకు చదువుకునే పిల్లలంతా ఊళ్లకు వెళ్లిపోయినట్టున్నారు, అశోక్‌నగర్ వీధులు ఎన్నడూ లేనంత నెమ్మదిగా ఉన్నాయి.

చిక్కడపల్లి, అశోక్‌నగర్ కలిసేచోట మురుగునీటి నాలా పక్కన ఒక గల్లీ ఉంది. ఒకవైపు అపార్టుమెంట్లు, రెండోవైపు బస్తీ. గల్లీ మలుపులో ఒకప్పుడు చెత్తకుప్ప ఉండేది. ముక్కు మూసుకోకుండా అటు ఎవరూ నడిచేవాళ్లు కాదు. వదిన ముందు నిలబడితే గల్లీ అంతా వెనక నడిచింది. కుప్ప ఎత్తించారు. పాలమూరు నుంచి వచ్చి బస్తీలో ఉంటున్న మేస్త్రి కురుమన్న ఎర్రమట్టి తెచ్చి పోసి, చుట్టూ రాళ్లు పేర్చాడు. నడుమ జమ్మి నాటారు, దాని పక్కన నందివర్ధనం, తులసి. అపార్టుమెంట్ల వాళ్లు మొక్కలు కొన్నారు. నీళ్లు మాత్రం బస్తీ ఆడవాళ్లే పోస్తారు, నల్లా వాళ్లవైపే ఉంది కాబట్టి.

జమ్మి మనిషెత్తు దాటింది. పోయిన దసరాకు వదిన సంబరపడిపోయి ఇల్లిల్లూ తిరిగి బొట్టుపెట్టి మరీ పూజకు పిలిచింది. తొమ్మిది ప్రదక్షిణలు చేసి ఇళ్లకు వెళతారని ఆవిడ లెక్క. తెలంగాణలో జమ్మాకే బంగారమని, దాన్ని ప్రతి పెద్దమనిషి చేతిలో పెట్టి దండం పెట్టాలని, ఈడువాళ్లయితే అలయ్ బలయ్ అంటూ కౌగిలించుకోవాలని ఆవిడ వినే ఉంది. కానీ ఒక్కో ఇంటికి ఎంత ఆకు కావాలో ఊహించలేదు. అరగంటలో చెట్టు పుల్లలైపోయింది. పెద్దకొమ్మ విరిగి బెరడుకు వేలాడింది. వదిన ఆ రాత్రి అన్నం తినలేదని అన్న చెప్పాడు. ఎండాకాలంలో, అన్నీ ఎండిపోయే రోజుల్లో, మోడు నుంచి చిగురు వచ్చింది. ఇంకోసారి దూస్తే బతకదు.

అందుకే ఈసారి చుట్టూ ఇనుప జాలీ పెట్టించింది. దానికో తలుపు, తలుపుకు తాళం. తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. నేను సంచి దించకముందే కురుమన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, జాలీ పెట్టిండ్రు, సరే. తాళం ఎందుకు? రేపు బంగారం తీసుకోనియ్యరా?"

"పోయినేడు ఏం చేశారో చూశాంగా కురుమన్నా."

"చేసినం, తప్పే. గని బంగారం లేకుంటే అది ఒట్టి ముండ్లకంప గదమ్మా. కంపకు మావోళ్లు రోజు నీళ్లెందుకు పోస్తరు?"

ఆయన కోపంగా అనలేదు. అందుకే వదినకు గట్టిగా తగిలింది. ఆయన వెళ్లాక, "తాళం తీస్తే చెట్టు మిగలదు, తీయకపోతే నీళ్లు పోసేవాళ్లు మిగలరు. ఏం చేయమంటావు మరిదీ?" అంది. నిద్ర బాగా పట్టే మనిషిని సలహా అడిగితే ఏం చెబుతాడు? "పొద్దున చూద్దాం వదినా" అన్నాను.

దసరా పొద్దున ఇడ్లీ తిని, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చెట్టు పక్కన కాపలాకు కూర్చున్నాను. జమ్మి నీడ నీడలా ఉండదు, జల్లెడపట్టిన ఎండలా ఉంటుంది. అది నా పేపరు మీద కదులుతుంటే అక్షరాలు ఆగలేదు. జాలీ సందులోంచి పిగిలిపిట్టల జంట వచ్చి పోతోంది. రాళ్ల మీద తొండ తల ఊపుతోంది. పసుపు సీతాకోకచిలుకలు నందివర్ధనాన్ని వదలడం లేదు. నాలా వాసన ఉంది, లేదనను. కానీ దాని మీదుగా మటన్ మసాలా, కొత్తబట్టల వాసనలు తేలివచ్చాయి. ఒకప్పుడు ఇక్కడ ముక్కు మూసుకునేవాళ్లంటే నమ్మబుద్ధి కాలేదు. ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. లేచేసరికి కురుమన్న తల్లి సాయమ్మ ఎదురుగా నిలబడి ఉంది. గల్లీలో అందరికన్నా పెద్దది.

"మంచిగనే కాస్తున్నవు బిడ్డా" అని నవ్వి, గారెలు చేతిలో పెట్టి వెళ్లింది.

సాయంత్రం అయిదున్నరకు జనం రావడం మొదలైంది. పసుపు, కుంకుమ, దీపాలు. అపార్టుమెంట్ల వాళ్లు ఒకవైపు, బస్తీ వాళ్లు ఒకవైపు. ప్రదక్షిణలు అయ్యాయి. ఎవరూ ఇళ్లకు పోలేదు. అందరి చూపూ వదిన కొంగు మీదే. వదిన కొంగు ముడి విప్పింది. తాళం తీసి లోపలికి వెళ్లి, ఒకే ఒక్క రెమ్మ తుంచుకుని బయటికి వచ్చింది. నేరుగా సాయమ్మ దగ్గరికి వెళ్లి, ఆ రెమ్మ చేతిలో పెట్టి, వంగి కాళ్లకు దండం పెట్టింది.

"మరి మాకేది?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

వదిన వెనక్కి తిరిగి చెట్టును చూసింది. ఆవిడ మొహం చూస్తే నాకే భయమేసింది. సాయమ్మ రెమ్మను చూసింది, జనాన్ని చూసింది. "నేనొక్కదాన్నే పెట్టుకొని ఏం జేస్త" అని దాన్ని కొడుకు చేతిలో పెట్టింది. కురుమన్న ఒక క్షణం తటపటాయించి, మా అన్న వాళ్ల పై అంతస్తులో ఉండే రిటైర్డ్ ఆఫీసరు దగ్గరికి నడిచాడు. ఆయన ఎవరితోనూ మాట్లాడడని గల్లీ అంతా చెప్పుకుంటుంది. "బంగారం సార్" అన్నాడు కురుమన్న. ఆయన రెమ్మ అందుకున్నాడు. కౌగిలింత మాత్రం ఎలా తీసుకోవాలో తెలియక నిలబడిపోయాడు. కురుమన్నే తీసుకున్నాడు.

అక్కడినుంచి ఆ రెమ్మ ఆగలేదు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, ఆ దీపాల వెలుతురులో చేతులే కనిపిస్తున్నాయి. సున్నం పట్టిన చేతులు, గాజుల చేతులు, ఉంగరాల చేతులు. రెమ్మ చేయి మారినప్పుడల్లా చిన్న ఆకులు రాలి అరచేతుల్లో మిగిలిపోతున్నాయి. నా దగ్గరికి వచ్చేసరికి ఈనె మాత్రమే మిగిలింది. దాన్నే కళ్లకద్దుకున్నాను. నా కళ్లు తడిశాయి.

"తాళం వేసేశావా?" అని భోజనాల దగ్గర అన్న అడిగాడు. "లేదు" అంది వదిన. ముద్ద ముద్దకూ కిటికీ వైపే చూసింది.

మర్నాడు పొద్దున ఆరింటికి సంచి భుజాన వేసుకుని గల్లీలోకి దిగాను. ఇంకా మసక వెలుతురే. జాలీ తలుపు బార్లా తెరిచి ఉంది. చెట్టు ముందు వాచ్‌మన్ యూనిఫాంలో ఒకాయన నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. నన్ను చూడలేదు. మెల్లగా చేయి లోపలికి పెట్టాడు. నా గొంతులో కేక సిద్ధంగా ఉంది. రెండు వేళ్లతో ఒక రెమ్మ పట్టుకున్నాడు. అలాగే ఉన్నాడు. తర్వాత వదిలేశాడు. ఆ వేళ్లను కళ్లకద్దుకుని వెనక్కి తిరిగితే నేను.

"నిన్న డ్యూటీ పడ్డది సార్, రాలేకపోయిన" అన్నాడు సిగ్గుపడుతూ. "మావోళ్లు ఫోన్ల చెప్పిండ్రు, ఈసారి ఎవ్వరు తెంపలేదంట గద."

దగ్గరికి వచ్చి తన ఖాళీ చేతిని నా కుడిచేతిలో పెట్టాడు. "బంగారం సార్" అన్నాడు. అలయ్ బలయ్ తీసుకుని బస్తీలోకి వెళ్లిపోయాడు. తల ఎత్తితే బాల్కనీలో వదిన. ఎప్పటినుంచి నిలబడి ఉందో, కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

మీరూ చూడాలనుకుంటే చిక్కడపల్లి మెట్రోలో దిగి, అశోక్‌నగర్ వైపు నడుస్తూ జమ్మి గల్లీ ఎక్కడని అడగండి. ఇప్పుడు దాన్ని అలాగే పిలుస్తున్నారు. పెద్ద చెట్టును ఊహించుకుని వెళ్లకండి, ఇంకా చిన్నదే.

కాచిగూడలో నా బండి ఏడు దాటాక కదిలింది. కిటికీ పక్కనే సీటు దొరికింది గానీ నిద్ర రాలేదు. చాయ్ అమ్మేవాడు వస్తే కప్పు ఎడమచేత్తో అందుకున్నాను. అతను అదోలా చూశాడు. మీరూ నవ్వుకోండి, ఉందానగర్ దాటేదాకా కుడిచేతి పిడికిలి విప్పలేదు.