నీలం పట్టీ

కడుపులో దాచిన మాట కుళ్లిపోతుందంటారు. నాది కుళ్లలేదు, గట్టిపడింది. ఆ బరువు ఇన్నేళ్లూ మోశాను, ఇక మొయ్యను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను. కానీ ముందే ఒక మాట. నేను ఏడుస్తానని ఎదురుచూడకండి. నీతులు చెప్పాలనుంటే ఇక్కడే లేచి వెళ్లిపోండి.

మాది బోధన్ దగ్గర ఊరు. చెరుకు తోటల పక్కన బడి, బడి వెనక కబడ్డీ కోర్టు. రేణుక, నేను ఒకే తరగతి. ఇద్దరం కూతకు పోయేవాళ్లం. ఆమె నాకంటే బాగా ఆడేది. ఇదిగో, మొదటి నిజం చెప్పేశాను. ఒక శిక్షణ శిబిరంలో నాకు పట్టీ వేయడం నేర్పారు. కండరం నొప్పి చేస్తే ఒంటికి అంటించే, రబ్బరులా సాగే పట్టీ. అందులో మందేమీ ఉండదు. కాస్త ఆసరా, కాస్త ధైర్యం, అంతే. జట్టులో ఎవరికి ఎక్కడ పట్టేసినా నా దగ్గరికే వచ్చేవాళ్లు.

జిల్లా జట్టు ఎంపిక ఆటలు నిజామాబాద్‌లో పెట్టారు. కూతకు పోయేవాళ్లలో ఒక్క చోటే మిగిలింది. ఆమెకో, నాకో. అప్పటికే రేణుక మోకాలు వాచి ఉంది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆట మొదలయ్యే ముందు నన్ను మైదానం పక్క గదిలోకి లాక్కెళ్లి బెంచీ మీద కాలు చాపింది.

“తోలు రంగుది ఎయ్యే. ఎవ్వరికి కనవడొద్దు.”

నా సంచీలో రెండు పట్టీ చుట్టలున్నాయి. ఒకటి చర్మం రంగు, ఇంకొకటి నీలం. చెయ్యి లోపల పెట్టి వెతికినట్టు చేశాను.

“గా రంగుది అయిపోయిందే. నీలం రంగుదే ఉంది.”

“మంచిగ సూడరాదే.”

“లేదంటున్న గద. వద్దంటె చెప్పు, ఊకుంట.”

ఆమె నవ్వింది. “ఎయ్ తీ. నువ్వు కట్టినవంటె సాలు, నాకు ధైర్నం.”

చాలా బాగా వేశాను. కొసలు గుండ్రంగా కత్తిరించి, ఎక్కడా ముడత పడకుండా. నా పనికి వంక పెట్టలేరు.

కబడ్డీ ఆడినవాళ్లను ఎవరినైనా అడగండి. ఎదుటివాళ్ల ఒంటి మీద పట్టీ కనిపిస్తే కళ్లు అక్కడికే పోతాయి. నేనూ ఎన్నోసార్లు అలాగే చూశాను. రేణుక కూతకు పోయింది. నేను గీత బయట కూర్చున్నాను. అవతలి జట్టులోంచి ఎవరో అరిచారు, “నీలం కాలు పట్టుండ్రే!” అని. పట్టుకున్నారు. ఆమె కూత తెగిపోయి కేక అయింది.

లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయింది. ఆట మాత్రం అక్కడితో సరి. ఆ చోటు నాకు వచ్చింది, దాని వెంట సర్టిఫికెట్లు, వాటి వెంట బడిలో పీఈటీ ఉద్యోగం. రేణుక బోధన్‌లో బీడీలు చుడుతోంది. అందరూ మఠం వేసుకుని ఒళ్లో చాట పెట్టుకుంటారు, ఆమె ఒక కాలు బారజాపుకునే కూర్చుంటుంది. నేను ఎదురుపడితే పక్కవాళ్లకు చూపించి, మా దోస్తు అని గొప్పగా చెబుతుంది. గొప్పగా! అప్పుడు నాకు ఆమె మీదే కోపం వస్తుంది.

అయితే ఏం చేయమంటారు? ఉద్యోగం వదిలేయాలా? వదలను. ఆ తర్వాత తెచ్చిన ప్రతి పాయింటూ నా ఊపిరి బిగబట్టి తెచ్చుకున్నదే. వాచిన కాలితో ఆడతానన్నది ఆమె. పట్టుకున్న చేతులు నావి కావు. చర్మం రంగు పట్టీ వేసినా ఆ మోకాలు ఇవాళ కాకపోతే రేపు పోయేదేమో. తప్పంతా తెచ్చి నా నెత్తిన రుద్దితే ఒప్పుకోను.

ఒక్క చోట మాత్రం నా వాదన నిలవదు. మా ఆటల సార్‌కు చెప్పి ఉంటే? రేణుక మోకాలు వాచింది సార్ అని ఒక్క ముక్క. ఆమెను కూర్చోబెట్టేవాళ్లు. ఆ చోటు ఎలాగూ నాకే వచ్చేది, ఆమె మోకాలూ మిగిలేది. కాకపోతే చాడీలు చెప్పానని ఆమె నా మొహం చూసేది కాదు. మరి నేనెందుకు చెప్పలేదు? స్నేహం కొద్దీ అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. స్నేహమా, నా బొందా! నాకు ఆ చోటూ కావాలి, మంచిదాన్నన్న పేరూ కావాలి. రెండూ దక్కాయి.

రేణుకకు చెప్పను. ఆమె తట్టుకోలేదని కాదు, నాకు భయం. క్షమించమని మిమ్మల్నీ అడగను, కాలు పోయింది మీకు కాదు కదా. కానీ మీ దగ్గర కూడా ఇప్పటిదాకా ఒకటి తప్పించుకుంటూ వచ్చాను. పట్టుకుంటారని నీకు ముందే తెలుసా అని మీరు అడగలేదు, నేనూ చెప్పలేదు. తెలుసు. కాలు విరగాలని కోరుకోలేదు, ఆమె ఓడిపోవాలని కోరుకున్నాను. ఆ కాలే పట్టుకోవాలని నీలం పట్టీ వేశాను.

హమ్మయ్య, అనేశాను.